కచేరీ చదువు... సినిమా కొలువు

మీరు చదివింది ఒకటి, నోటిఫికేషన్ పడింది ఇంకొకదానికి. బీఎస్సీ చేసి బ్యాంకు పరీక్షకు కూర్చుంటారు. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి వెళ్తారు. 'ఇన్నేళ్లు చదివిందంతా వేస్టేనా?' అన్న దిగులు అప్పుడే మొదలవుతుంది. ఆ దిగులుంటే ఘంటసాల వేంకటేశ్వరరావు జీవితం ఓసారి చూడండి. ఆయన చదివింది కర్ణాటక సంగీతం. నిలబెట్టింది సినిమా పాట.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తరంగాలు పాడే తండ్రి సూరయ్య, కొడుకు చిన్నతనంలోనే పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో ఆ కుర్రాడు చేతి ఉంగరం అమ్మేసి విజయనగరం బయల్దేరారు. తీరా వెళ్తే సంగీత కళాశాలకు సెలవులు! పట్రాయని సీతారామశాస్త్రి ఆదరించి పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. అలా చదివే పట్టా అందుకున్నారు.

పట్టా వచ్చింది కానీ స్థిరమైన బతుకుతెరువు రాలేదు. ఊళ్లలో కచేరీలు చేశారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకెళ్లారు. ఆ తర్వాత సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన గొంతు విని మద్రాసు రమ్మన్నారు. వెళ్లగానే ఎర్ర తివాచీ ఏమీ పరచలేదు. రేడియోలో పాడారు. 'సీతారామ జననం' (1944)లో గుంపులో ఒకడిగా కోరస్ పాడారు. సంగీత విద్వాంసుణ్ని, గుంపులో పాడడమేంటని అనుకుని ఉంటే కథ అక్కడే ఆగేది. మరుసటి ఏడాదే 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడే అవకాశం వచ్చింది.

అసలు విషయం ఇక్కడుంది. కచేరీలో ఒక్క రాగాన్నే అరగంట ఆలపించొచ్చు. అప్పటి గ్రామఫోన్ రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. రాగం మీకు ఎంత బాగా వచ్చినా, అందులో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది తేల్చుకోవాలి. పద్యం సంగతీ అంతే. మైకు లేని రోజుల్లో చివరి వరసకు వినబడాలని నాటకాల్లో నటులు గొంతెత్తి, రాగం సాగదీసి పాడేవారు. మైకు ముందు ఆ అవసరం లేదు. ఘంటసాల రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చారు. ప్రతి అక్షరం స్పష్టంగా, అర్థానికి తగిన భావంతో పలికారు. సంగీతం రాని రైతుకూ, రిక్షా కార్మికుడికీ పద్యం నోటికొచ్చింది.

అలాగని నేర్చుకున్నదాన్ని వదిలేశారా? లేదు. 'జగదేకవీరుని కథ' (1961)లో పెండ్యాల దర్బారీ కానడలో కట్టిన పాట వినండి. విజయనగరంలో వేసిన పునాది లేకుండా ఆ పాట పాడడం ఎవరి తరమూ కాదు. అదే గొంతు 'దేవదాసు' (1953)లో తాగిన మనిషి దుఃఖమైంది. పాడడంతో ఆగకుండా 'పాతాళభైరవి', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' లాంటి సినిమాలకు సంగీతం కూడా సమకూర్చారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. చివరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలు రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు.

మరి మీరేం చేయాలి? దరఖాస్తు చేయబోయే ఉద్యోగం వివరాలు ముందు పెట్టుకోండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మీ చదువులో ఈ కొలువుకు నేరుగా పనికొచ్చేది మొదటి గడిలో, పనికొచ్చినా తీరు మార్చుకోవాల్సింది రెండో దాంట్లో, కొత్తగా నేర్వాల్సింది మూడో దాంట్లో రాయండి. చాలామంది మూడో గడి చూసి బెదిరిపోతారు. ఘంటసాలకు మైకు కూడా మూడో గడిలోదే. రెండో గడి మీద ఎక్కువ సమయం పెట్టండి. ఇంటర్వ్యూలో మీరు చదివింది ఈ పనికెలా ఉపయోగమని అడిగితే, జవాబు అందులోనే దొరుకుతుంది.