ఖరగ్‌పూర్ కార్మికుల నుంచి రాష్ట్రపతి భవన్ దాకా: వి.వి. గిరి నిలబెట్టుకున్న మాట

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపించడం కొత్త సంగతి కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే అక్కడ పెద్ద వర్క్‌షాపు నడిపిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల వాళ్లు పనికోసం వెళ్లి స్థిరపడ్డారు. ఆ కార్మికుల తరఫున యాజమాన్యం ముందు నిలబడి మాట్లాడిన నాయకుల్లో ఒక తెలుగు బారిస్టరు ఉన్నారు. తర్వాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఆయనే.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. కొడుకు కూడా అదే దారిలో 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని ఆకట్టుకుంది. ఈస్టర్ తిరుగుబాటు తర్వాత 1916లో బ్రిటిష్ అధికారులు దేశం విడిచి వెళ్లమన్నారు. తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. బాగా సాగుతున్న ఆ ప్రాక్టీసును గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపుతో వదిలేశారు, జైలుకూ వెళ్లారు.

బరంపురం కూడా బెంగాల్-నాగపూర్ రైల్వే లైను మీదే ఉంది. ఆ రైల్వే కార్మికులకు గిరి సంఘం కట్టారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పెద్ద ఎత్తున ఉద్యోగాల కోత ప్రకటించడంతో గొడవ ముదిరి లాకౌట్ దాకా వెళ్లింది. నెలల తరబడి జీతాలు లేవు. గిరి పోరాటాన్ని హింస వైపు పోనివ్వలేదు, బేరం కూడా వదల్లేదు. చివరికి యాజమాన్యం కొంత దిగిరావాల్సి వచ్చింది. కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి రావాలి, పైనుంచి తీర్పు రుద్దితే అది నిలవదు అన్నది ఆయన జీవితాంతం పట్టుకున్న నమ్మకం. తర్వాతి రోజుల్లో దానికి గిరి విధానం అనే పేరు కూడా వచ్చింది.

ఆ నమ్మకానికి ఆయన మూల్యం చెల్లించారు. 1929లో కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలని ఏఐటీయూసీలో ఎక్కువమంది పట్టుబట్టారు. కమిషన్ ముందు కార్మికుల బాధలు చెప్పాలన్నది గిరి, ఎన్.ఎం. జోషిల వాదన. సంస్థ చీలింది. సొంతవాళ్ల చేతే మితవాది అనిపించుకున్నా గిరి అభిప్రాయం మార్చుకోలేదు.

అసలు పరీక్ష పదవిలో వచ్చింది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చింది. ఉద్యోగులకు దక్కాల్సింది తగ్గించే నిర్ణయాన్ని కార్మిక మంత్రిగా తాను సమర్థించలేనని గిరి రాజీనామా చేశారు. ఆ తర్వాత ఈ వివాదంపై న్యాయమూర్తి గజేంద్రగడ్కర్‌తో ప్రభుత్వం మళ్లీ విచారణ జరిపించాల్సి వచ్చింది.

తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నరుగా, ఆపైన ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో ఆ బాధ్యతలూ ఉపరాష్ట్రపతి పదవీ వదులుకుని స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఇందిరాగాంధీ అండతో, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తర్వాత నీలం సంజీవరెడ్డిపై 14,650 ఓట్ల విలువ తేడాతో గెలిచారు. ఆ ఎన్నికను సవాలు చేసిన కేసులో పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చారు.

ఇక్కడితో ఆపేస్తే కథ నిండుగా ఉంటుంది. కానీ 1974 మే 8న దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వేలమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాలు తీసేశారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు. 20 రోజులకు సమ్మె ఓడిపోయింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఒకనాటి ఖరగ్‌పూర్ కార్మికుల నాయకుడే. మంత్రివర్గం సలహా మేరకే నడవాల్సిన పదవి అది. ఈసారి రాజీనామా రాలేదు. ఆగస్టులో పదవీకాలం పూర్తిచేసుకుని గిరి వెళ్లిపోయారు.

1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు నేడు ఆయన పేరే ఉంది.

నమ్మినదాని ప్రకారం బతకాలని అందరూ అంటారు. 1954లో గిరి చేసి చూపించారు కాబట్టే 1974లో ఆయన మౌనం అంత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. మంత్రి పదవిని వదులుకోవడానికి ఆయనకు ఒక ఉత్తరం సరిపోయింది. దేశాధినేత స్థానంలో కూర్చున్నాక అదే పని అంత తేలిక కాలేదు. పదవి పెరిగేకొద్దీ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమవుతుందో తెలియాలంటే ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.