నలభై ఎనిమిదేళ్ళకు చేతికొచ్చిన కెమెరా: జూలియా మార్గరెట్ కేమరన్



ఒకప్పుడు పిల్లలు మంచి మార్కులొస్తే సైకిల్ కొనిపెట్టమనేవారు. ఇప్పుడు కెమెరా అడుగుతున్నారు. కెమెరా కొన్న ఆరు నెలలకు ఇంకో లెన్స్ అడుగుతున్నారు. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయి, లేచి వెళ్ళబోతూ మీలో కొందరు ఈ విషయం ఎత్తుతున్నారు. కొనిస్తే చదువు పక్కదారి పడుతుందేమోనని ఒక భయం, కొనివ్వకపోతే ఉన్న ఇష్టాన్ని తుంచేసినట్టవుతుందేమోనని ఇంకో భయం. రెండూ న్యాయమైన భయాలే.

అందుకే ఈ నెల ఒక ఫొటోగ్రాఫర్ జీవితం చెబుతాను. ఆమె వృత్తిగా ఫొటోగ్రఫీ నేర్చుకోలేదు. ఇంట్లో హాబీగా మొదలుపెట్టారు. ఆమె పేరు జూలియా మార్గరెట్ కేమరన్. పేరులో కెమెరా వినిపిస్తోందని మీ పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. అది ఆమె భర్త ఇంటిపేరు.

కలకత్తాలో పుట్టిన అమ్మాయి

జూలియా 1815 జూన్ 11న కలకత్తాలో పుట్టారు. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తల్లి ఫ్రెంచ్ వంశస్థురాలు. అందువల్ల ఆమె చదువు చాలావరకు ఫ్రాన్స్‌లో సాగింది. 1836లో ఆరోగ్యం బాగుపడటం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో ఉన్నప్పుడు ఇద్దరు ముఖ్యమైన మనుషులు పరిచయమయ్యారు. ఒకరు ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్. రెండోవారు న్యాయకోవిదుడు చార్లెస్ హే కేమరన్. ఈయన మన దేశంలో మెకాలేతో పాటు లా కమిషన్‌లో పనిచేశారు. వయసులో జూలియా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. 1838లో వీరిద్దరికీ కలకత్తాలో పెళ్ళయింది.

హెర్షెల్‌ది వేరే రకమైన పాత్ర. ఫొటోను చెరిగిపోకుండా నిలబెట్టే హైపో రసాయనం గుణాన్ని కనిపెట్టింది ఆయనే. ఫొటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లోనే ఆయన జూలియాకు ఆ వింత గురించి ఉత్తరాలు రాశారు, నమూనా చిత్రాలు పంపారు. అంటే ఆమె చేతికి కెమెరా రావడానికి ఇరవై ఏళ్ళ ముందే ఆమె మనసులో ఆ విత్తనం పడింది. ఆ ఇరవై ఏళ్ళూ సంసారంలో గడిచాయి. ఆరుగురు పిల్లలు, వాళ్ళతో పాటు ఇంట్లో పెరిగిన బంధువుల పిల్లలు. 1848లో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. 1860లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. పక్కనే మహాకవి టెన్నిసన్ ఇల్లు.

బహుమతిగా వచ్చిన పెట్టె

1863 డిసెంబరులో ఆమె కూతురు, అల్లుడు కలిసి ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. భర్త సిలోన్‌లోని కాఫీ తోటలు చూసుకోవడానికి వెళ్ళారు. ఇల్లు బోసిపోయింది. ఒంటరిగా ఉన్న అమ్మకు కాస్త కాలక్షేపం అవుతుందని పిల్లల ఆలోచన. అప్పటికి ఆమె వయసు 48. మన ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళను కెమెరా అడుగుతుంటే, అక్కడ పిల్లలే అమ్మకు కొనిపెట్టారు.

ఆ కెమెరా అంటే మనం అనుకునేది కాదు. పెద్ద చెక్క పెట్టె. దాని ముందు ఫ్రాన్స్‌లో జామిన్ అనే తయారీదారు చేసిన లెన్స్. లోపల పెట్టే గాజు పలక సుమారు 11 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పోయాలి. చీకటి గదిలో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరేలోపే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, మళ్ళీ చీకటి గదికి పరుగెత్తి కడగాలి. ఒక్క మెట్టు తప్పితే అంతా మొదటికొస్తుంది. బొగ్గులు పోసుకునే గదిని ఆమె డార్క్‌రూమ్ చేసుకున్నారు. కోళ్ళ గూడును ఖాళీ చేయించి గాజు గోడల స్టూడియో చేసుకున్నారు. సిల్వర్ నైట్రేట్ తగిలి చేతులు నల్లబడేవి, ఇంట్లో గుడ్డలన్నీ మరకలయ్యేవి.

మొదట తీసిన చిత్రాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నారు, పలక తడి మీద చెయ్యి తగిలి. 1864 జనవరిలో ఆనీ ఫిల్‌పాట్ అనే చిన్న పాపను కూర్చోబెట్టి తీసిన ఫొటో బాగా వచ్చింది. దాన్నే తన మొదటి విజయంగా రాసుకున్నారు. ఆనందం పట్టలేక ఇంట్లో ఆ పాపకు ఇవ్వడానికి ఏముందా అని వెతికారట, ఆ ఫొటోను తీసింది తను కాదు, ఆ పాపే అన్నంత సంబరంతో.

ఆ లెన్స్‌లో లోపాలు, ఆమె తీసుకున్న నిర్ణయం

ఆ మొదటి లెన్స్ వెలుతురును బాగా లోపలికి రానిచ్చేది. కానీ ఒక చోట మాత్రమే స్పష్టత వచ్చేది. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకగా ఉండేది. ఆనాటి ఫొటోగ్రాఫర్లకు ఇది పెద్ద తప్పు. ముఖం, బట్టలు, కుర్చీ కోడు అన్నీ ఒకే స్పష్టతతో కనిపించాలన్నది వాళ్ళ లెక్క.

జూలియా ఫోకస్ తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ముఖం అందంగా కనిపిస్తే అక్కడే ఆపేసేవారు. ఇంకా తిప్పితే స్పష్టత పెరుగుతుందని తెలిసీ ఆపేసేవారు. ఫొటోగ్రఫీ సొసైటీ పత్రికల్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. ముందు పరికరం వాడటం నేర్చుకోవాలన్న ధోరణిలో రాశారు. పలకల మీద గీతలు, వేలిముద్రలు, ద్రవం సరిగ్గా పారని చారికలు కూడా ఉండేవి. అవి మాత్రం నిజంగా లోపాలే. తన నెగెటివ్‌లు పగుళ్ళు బారుతుంటే ఆమె సిగ్గుపడకుండా సొసైటీ సభ్యులను కారణం అడిగారు. అంటే ఏది సరిదిద్దుకోవాల్సిన తప్పు, ఏది కావాలని చేసిన పని అన్నది ఆమెకు తెలుసు. పగుళ్ళ గురించి సలహా అడిగారు. మసక గురించి ఎవరినీ అడగలేదు.

1865లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె ఫొటోలు కొనడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్నే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నాం. మ్యూజియం గుమ్మం దాకా ఆమెను తీసుకెళ్ళింది బహుమతిగా వచ్చిన ఆ మొదటి పెట్టె, ఆ మొదటి లెన్సే.

రెండో లెన్స్ ఎందుకు కొన్నారు

దాదాపు రెండేళ్ళు ఆ ఒక్క కెమెరాతో పనిచేశాక ఆమె పెద్ద కెమెరాకు మారారు. దాని పలక 15 అంగుళాలు, 12 అంగుళాలు. లెన్స్ లండన్‌లోని డాల్‌మేయర్ కంపెనీది, 30 అంగుళాల ఫోకల్ లెంగ్త్‌ది. అప్పట్లో అది కొత్త మోడల్, ఖరీదైనది.

మీరు అడగవచ్చు, చివరికి ఆమె కూడా కొత్త లెన్స్ కొన్నారు కదా అని. కొన్నారు. ఎందుకన్నదే మనకు కావాల్సింది.

ఆ రోజుల్లో ఆమెలా పనిచేసేవాళ్ళు నెగెటివ్ పలకను కాగితం మీద ఆనించి ఎండలో పెట్టి ప్రింట్ తీసేవారు. పలక ఎంత ఉంటే ఫొటో కూడా అంతే ఉంటుంది. మనిషి ముఖాన్ని దాదాపు అసలు పరిమాణంలో చూపించాలని ఆమెకు కోరిక. 11 అంగుళాల పలక మీద అది కుదరదు. పెద్ద పలక కావాలి. పెద్ద పలకంతా నిండేలా బొమ్మ పడాలంటే పొడవైన ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ కావాలి. తనకు ఏ ఫొటో కావాలో, ఉన్న కెమెరాతో అది ఎందుకు రావడం లేదో ఆమె ఒక్క ముక్కలో చెప్పగలిగే స్థితికి వచ్చాకే డబ్బు ఖర్చు పెట్టారు.

కొత్త లెన్స్ మంచిది కాబట్టి పని తేలికైందని అనుకోకండి, ఇంకా కష్టమైంది. అంత పొడవైన లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే భాగం చాలా తక్కువ. ఎదుటివాళ్ళు 3 నుంచి 7 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. సెకనులో తీసే సెల్ఫీకే కుదురుగా నిలబడని మన పిల్లలను ఒకసారి తలచుకోండి.

ఆ కష్టంలోంచే ఆమె గొప్ప చిత్రాలు వచ్చాయి. 1867లో పాత మిత్రుడు హెర్షెల్‌ను తీశారు. నల్లటి నేపథ్యం, చెదిరిన తెల్లని జుట్టు, లోతైన కళ్ళు. అంతే. చుట్టూ పుస్తకాల్లేవు, టెలిస్కోపు లేదు. ఆ ముఖం చూస్తే చాలు, జీవితమంతా ఆకాశం వైపు చూసిన మనిషని తెలుస్తుంది. 1868లో ఫ్రెష్‌వాటర్‌కు విడిదికి వచ్చిన చార్లెస్ డార్విన్‌ను తీశారు. తన ఫొటోలన్నింటిలో దాన్నే ఆయన ఎక్కువగా ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళనే కాదు, ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్‌ను కూడా అంతే శ్రద్ధగా, ఎన్నోసార్లు తీశారు.

ఖర్చు సంగతి

ఈ కథలో డబ్బు ఇబ్బంది లేదనుకోవద్దు. గాజు పలకలు, వెండి రసాయనాలు, కాగితం అన్నీ ఖరీదే. సిలోన్ కాఫీ తోటల మీద ఆదాయం సరిగ్గా వచ్చేది కాదు. ఫొటోలు అమ్మితే ఖర్చులు గడుస్తాయని ఆమె ఆశపడ్డారు. లండన్‌లో చిత్రాల వ్యాపారుల ద్వారా అమ్మారు కూడా. పేరొచ్చింది, బెర్లిన్‌లో బంగారు పతకం వచ్చింది. డబ్బు మాత్రం ఆశించినంత రాలేదు. హాబీ తన ఖర్చు తానే సంపాదించుకోవాలని లెక్క వేసుకునే ఇంటికి ఇది కూడా తెలియాలి.

1875లో భార్యాభర్తలు సిలోన్‌కు వెళ్ళిపోయారు. అక్కడ ఆమె తీసిన ఫొటోలు చాలా తక్కువ. తీయడం చేతకాక కాదు. శుభ్రమైన నీళ్ళు, రసాయనాలు దొరకడం కష్టమైంది. అడగ్గానే వచ్చి కూర్చునే స్నేహితులూ అక్కడ లేరు. తోటల్లో పనిచేసేవాళ్ళను, చుట్టుపక్కల మనుషులను కొందరిని తీశారు. 1879 జనవరి 26న అక్కడే కన్నుమూశారు. పన్నెండేళ్ళలోపు పనితో వెయ్యికి పైగా చిత్రాలు మిగిల్చి వెళ్ళారు.

మరి మన ఇంట్లో?

మీ అబ్బాయో అమ్మాయో కొత్త లెన్స్ అడిగినప్పుడు వెంటనే సరేననకండి, వెంటనే వద్దనకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ఉన్న కెమెరాతో నువ్వు తీయలేకపోతున్న ఫొటో ఏది?

చెరువు గట్టు మీది కొంగ మరీ చిన్నగా వస్తోంది, దగ్గరికెళ్తే ఎగిరిపోతోంది అంటే, ఆ పిల్లవాడు తనకు తెలియకుండానే ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిఫొటో లెన్స్ గురించి మాట్లాడుతున్నాడు. సాయంత్రం దీపాల వెలుతురులో నాయనమ్మ ముఖం అదిరిపోయినట్టు వస్తోంది అంటే, ఆ అమ్మాయికి వెలుతురు ఎక్కువగా రానిచ్చే పెద్ద అపెర్చర్ లెన్స్ కావాలి. 50 ఎంఎం, ఎఫ్ 1.8 అని రాసి ఉండే చిన్న లెన్స్ చాలా కంపెనీల్లో తక్కువ ధరకే దొరికే రకం. సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తగ్గుతుంది. అయితే కొనేముందు అది మీ కెమెరా మౌంట్‌కు సరిపోతుందో లేదో, లోపల బూజు పట్టిందో లేదో వెలుతురులో పెట్టి చూడండి. మన వానాకాలం తేమకు లెన్స్‌లలో బూజు తొందరగా పడుతుంది.

ఫ్రెండ్ దగ్గర ఉంది, యూట్యూబ్‌లో బాగుందన్నారు అంటే మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు. అది ఆ పిల్లవాడి తప్పు కాదు. తనకేం కావాలో తనకింకా తెలియలేదు, అంతే. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌తో, లేదా మీ ఫోన్‌తో, వారానికి ఒకే మనిషిని నాలుగు రకాల వెలుతురులో తీయమనండి. కిటికీ దగ్గర, డాబా మీద, ట్యూబ్‌లైట్ కింద, సాయంత్రం గుమ్మంలో. రెండు నెలల్లో ఆ ప్రశ్నకు జవాబు తనే తెచ్చి చెబుతుంది.

ఇంకో మాట. ఫొటో మసకగా వచ్చిందని మీకు అనిపిస్తే, పాడైందని అనేముందు అది కావాలని చేసిందా, పొరపాటున వచ్చిందా అని అడగండి. పొరపాటైతే పిల్లలే ఒప్పుకుంటారు, మళ్ళీ తీస్తారు. కావాలని చేసిందైతే, ఎందుకో చెప్పనివ్వండి. జూలియాను ఆ రోజుల్లో విమర్శకులు చాలామంది ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.