చింతను వీడిన ధీరుడు - ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు

చితికిని చింతకును నడుమనున్న భేదము ఒక్క సున్న మాత్రమేయని పెద్దలు చెప్పుదురు. చితి ప్రాణము పోయినవానిని ఒక్కమారు దహించును. చింత ప్రాణమున్నవానిని దినదినము దహించుచుండును. ఈ మాట వినని తెలుగువారు లేరు. కాని చింతను విడుచుట యెట్లో తెలిసినవారు అరుదు. చింతకు వేరు సంశయము. నేనిది చేయగలనా, నలుగురు నన్నేమందురు, ఓడిపోయినచో నా గతి యేమి అను మూడు ప్రశ్నలే మనుష్యుని చేతులను కట్టివేయును. ఈ మూడు ప్రశ్నలకును తలయొగ్గక జీవించి, వేలమంది సామాన్యులను గూడ ఆ బంధమునుండి విడిపించిన మహనీయుడొకడు రేపల్లె, బాపట్ల ప్రాంతములందు చదివి, చీరాలను తన కర్మక్షేత్రముగా చేసికొనెను. ఆయనయే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పుట్టిన కొద్ది దినములకే తల్లి గతించెను. మూడవయేట తండ్రియు గతించెను. నాయనమ్మయు పినతండ్రియు ఆ పసివానిని చేరదీసి పెంచిరి. ఇట్టి బాల్యము పొందినవాడు తన అదృష్టమును నిందించుకొనుచు కాలము గడిపినను లోకము తప్పు పట్టదు. కాని ఆ బాలుడు ఆటపాటలయందు ముందుండువాడు, మాటకారి, నలుగురిని నవ్వించువాడు. తనకు లేనిదానిని లెక్కించుకొనుటకంటె ఉన్నదానిని నలుగురితో పంచుకొనుట ఆయనకు చిన్ననాటనే అలవడెను.

రేపల్లె ప్రాంతములోని కూచినపూడిలోను, తరువాత గుంటూరులోను ఆయన చదువు సాగెను. పాఠ్యపుస్తకములకంటె సంగీతమునందును నాటకమునందును ఆయనకు మక్కువ హెచ్చు. తోడి విద్యార్థులను కూర్చుకొని నాటకములాడించుటలో దినములు గడచెను. దాని ఫలితముగా ఉన్నత పాఠశాల చదువులో ఆయన తప్పిరి. పరీక్ష తప్పిన బిడ్డను ఇంటివారు చూచు చూపు, ఇరుగుపొరుగువారు అడుగు ప్రశ్నలు, ఆ బిడ్డ తలవంచుకొని వీధిలో నడచు నడక ఏ తరమువారికైనను తెలిసినవే. ఒక్క పరీక్షతో తన విలువ తేలిపోయినదని నమ్మి, అటుపిమ్మట ఏ పనికిని చేయి చాపని యువకులు ప్రతి యూరను కనబడుదురు. గోపాలకృష్ణయ్యగారు అట్లు నమ్మలేదు. బాపట్లకు చేరి చదువు పూర్తిచేసికొనిరి. పిదప అచ్చటి తాలూకా కచేరీలోనే కొంతకాలము చిన్న ఉద్యోగము చేసిరి.

ఆ ఉద్యోగములోనే స్థిరపడినచో ఆయన జీవితము కచేరీ దస్త్రములమధ్య ప్రశాంతముగా ముగిసియుండెడిది. కాని ఆయన మనస్సు ఉన్నత విద్యను కోరెను. తన మిత్రుడైన నడింపల్లి నరసింహారావుగారితో కలిసి 1911లో స్కాట్లండునందలి ఎడింబరో నగరమునకు చదువుకొరకు బయలుదేరిరి. ఆ కాలమున సముద్రము దాటుట యనిన సామాన్యమైన పని కాదు. వారములతరబడి ఓడ ప్రయాణము, ఎముకలు కొరుకు చలి, అలవాటులేని భోజనము, చేతిలో స్వల్పమైన ధనము, వీనికి తోడు ఒకనాడు స్వదేశములోనే పరీక్ష తప్పినవాడను జ్ఞాపకము. సంశయమునకు కావలసిన సామగ్రియంతయు అందే యున్నది. అయినను ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఎ. పట్టము పొందిరి.

ఇచ్చట మరియొక విశేషమును గమనింపవలెను. గుంటూరులో ఆయన చదువునకు అడ్డువచ్చినదని పెద్దలు నిందించిన నాటకాభిమానమే విదేశమున ఆయనకు గౌరవము తెచ్చెను. ఆంగ్లదేశమున నున్న దినములలో కళామర్మజ్ఞుడైన ఆనంద కుమారస్వామిగారితో ఆయనకు పరిచయమేర్పడెను. వారిరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడెను. హస్తముద్రలు, దృష్టిభేదములు, శిరోభేదములు మొదలైన భారతీయ నాట్య సంప్రదాయమును పాశ్చాత్యులకు పరిచయము చేసిన తొలి గ్రంథములలో అదియొకటి. ఏ గుణమును చూచి బాలుడు చెడిపోయెనని యనుకొందుమో, ఆ గుణమే సరియైన చోటు దొరకినప్పుడు వానికి సొమ్మగును. తనలోని సహజమైన శక్తిని సంశయించి చంపుకొననందువలననే గోపాలకృష్ణయ్యగారికి ఆ చోటు దొరకెను.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట రాజమహేంద్రవరమున ప్రభుత్వ విద్యాశాలలో అధ్యాపకులుగా పనిచేసిరి. పిదప మచిలీపట్టణములోని ఆంధ్రజాతీయ కళాశాలలో చేరిరి. రెండు చోట్లను పైవారితో అభిప్రాయభేదములు కలిగినప్పుడు మారుమాటలాడక ఉద్యోగమును వదలుకొనిరి. చేతనున్న జీతమును విడుచుట గృహస్థునకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. రేపటి భత్యమునుగూర్చిన చింతయే నేటి మాటను మ్రింగివేయుట లోకమున సాధారణము. ఆయన విషయమున అట్లు జరుగలేదు.

అటుపిమ్మట చీరాల ఆయన కర్మక్షేత్రమయ్యెను. అచ్చట ఆయన స్థాపించిన స్వచ్ఛంద సేవకుల దళమునకు రామదండు అని పేరు. ఇంచుమించు వేయిమంది యందు చేరిరి. కాషాయ వస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ వారి వేషము. వారిలో పలువురు అంతవరకు సభలెరుగనివారు, పెద్దలయెదుట గొంతెత్తి మాటలాడుటకు జంకువారు. ప్రభుత్వోద్యోగి కనబడినంతనే తలపాగ తీయుట అలవాటైన కాలమది. అట్టివారికి శిక్షణమిచ్చుట యెట్లు? నీకు భయము వలదని నూరుమార్లు చెప్పినంతమాత్రమున భయము పోదు. గోపాలకృష్ణయ్యగారు ఆ మార్గమును త్రొక్కలేదు. వారికి ఒక పేరు నిచ్చిరి, ఒక వేషము నిచ్చిరి, రామునికొల్వు చేయువారమను భావము నిచ్చిరి, అన్నింటికి మించి చేయుటకొక పని నిచ్చిరి. పనిలో చేయి పెట్టినవానికి తన్నుగూర్చి తలపోయుటకు తీరిక యుండదు. తన్నుగూర్చిన తలపోత తగ్గినకొలది సంశయమును తగ్గును. ఇదియే ఆయన శిక్షణలోని కీలకము.

దీనికి తోడు ఆయన హాస్యము. ఆశువుగా చాటుపద్యములు చెప్పుటలో ఆయన దిట్ట. తోలుబొమ్మలాట మొదలైన జానపద కళలన్న ఆయనకు ప్రాణము. గంభీరోపన్యాసము వినుటకు వచ్చినవారు నవ్వుచు ఇంటికి పోవుదురు. నవ్విన మనస్సులో భయము నిలువజాలదని ఆయన చక్కగా నెరిగిరి.

రామదండు శిక్షణకు మొదటి పరీక్ష 1921 మార్చి నెలాఖరున విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశములో కలిగెను. గాంధీమహాత్ముడు వచ్చుచున్నాడని విని జనము లెక్కకు మిక్కిలిగా వచ్చిపడెను. ఆ జనసముద్రమును అదుపులో నుంచు భారమును రామదండు వహించెను. నిన్నటివరకు గుంపులో ఒకరుగా నిలిచినవారు నేడు గుంపును నడిపించిరి. వారి క్రమశిక్షణ దేశనాయకుల మెప్పును పొందెను.

రెండవ పరీక్ష ఇంతకంటె కఠినమైనది. చీరాల, పేరాల అను రెండు గ్రామములలో కలిపి పదునైదువేల జనము. వారిలో పెక్కురు మగ్గముమీద బ్రతుకువారు. 1919లో ప్రభుత్వము ఆ గ్రామములను పురపాలక సంఘముగా మార్చెను. అంతకుముందు ఏటికి నాలుగువేల రూపాయలుగా నున్న పన్ను నలుబదివేలకు పెరిగెను. పట్టణ సౌకర్యములు తమకు వలదు, ఆ భారము మోయలేమని ప్రజలు మొరపెట్టుకొనిరి. ఫలితము లేకపోయెను. పన్ను చెల్లింపనందుకు కొందరిని చెరసాలకు పంపిరి. వారిలో ఒక వృద్ధస్త్రీయు నుండెను.

1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీగారు చీరాలకు వచ్చిరి. పన్ను నిరాకరించి శాంతముగా శిక్షల ననుభవించుట ఒక మార్గమనియు, పురపాలక హద్దులు దాటి ఊరు విడిచిపోవుట రెండవ మార్గమనియు వారు సూచించిరి. ఏది చేసినను కాంగ్రెసు సహాయముపై ఆధారపడక స్వశక్తితో చేయవలెననియు తెలిపిరి. ప్రజలు రెండవ మార్గమునే ఎన్నుకొనిరి. ఇంచుమించు పదుమూడువేలమంది తాతముత్తాతలనాటి యిండ్లకు తాళములు వేసి, పిల్లలను, ముసలివారిని, మగ్గములను, పశువులను వెంటబెట్టుకొని ఊరు వెలువడిరి. పురపాలక హద్దుల కావల తాటాకు పాకలు వేసికొని నివసించిరి. ఆ నూతన గ్రామమునకు రామనగరమని పేరు పెట్టిరి.

అది మండువేసవి. తరువాత వానలు వచ్చెను. పాకలలో కాపురము, కూలిపనికి ఇబ్బంది, పసిబిడ్డల జబ్బులు, ఇల్లు ఏమగుచున్నదోయను దిగులు ఇన్నియు నుండెను. ఆ దిగులును పంచుకొనుటకు అచ్చట ఒక వ్యవస్థ ఏర్పడెను. జనము తమ ప్రతినిధులను తామే ఎన్నుకొని పంచాయతిగా కూర్చుండి తగవులు తీర్చుకొనిరి. క్రమరక్షణ రామదండు వహించెను. ఒంటరిగా మోసినచో కొండయగు చింత పదిమంది భుజముపట్టినప్పుడు మోయదగిన బరువగును. రామనగరము పదకొండు నెలలు నిలిచినదనిన, ఆ నిలుకడకు నాయకుని ధైర్యమెంత కారణమో ఒకరి పాకను మరియొకరు కాచుకొనిన ఆ పొత్తును అంతే కారణము.

రామనగర వాసులకు సహాయము సమకూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు ఊరూరు తిరుగుచుండిరి. ఆ సందర్భముననే బరంపురమున ఉపన్యసింపరాదని అధికారులు ఆజ్ఞాపింప, దానిని ధిక్కరించినందుకు ఆయనకు ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు దూరమయ్యెను. ధనము కరగిపోయెను. 1922 ఫిబ్రవరిలో దేశమంతట సత్యాగ్రహము నిలిపివేయబడెను. రామనగర వాసులు క్రమక్రమముగా తమ పాత యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము రద్దు కాలేదు.

కనుక ఆ పోరాటము ఓడిపోయినదా? పన్నుల లెక్క మాత్రమే చూచువారు ఓడినదనియే చెప్పుదురు. కాని అధికారి గుమ్మమువద్ద వణకిన చేతులే పదకొండు నెలలు ఒక ఊరిని నిర్మించి పాలించెను. తమ్ము తాము పాలించుకొనగలమా యను సంశయము ఒకమారు తీరినపిమ్మట అది తిరిగి పుట్టదు. సత్యాగ్రహ చరిత్రలో చీరాల పేరాలల పేరు నిలిచినది ఇందువలననే. పరీక్ష తప్పిన బాలుడు తన విలువను ఆ పరీక్షతో కొలుచుకొననట్లే, చీరాల ప్రజలును తమ పదకొండు నెలలను పురపాలక దస్త్రముతో కొలుచుకొనలేదు.

చెరనుండి విడుదలయైన పిమ్మట గోపాలకృష్ణయ్యగారి జీవితము సుఖముగా సాగలేదు. కుటుంబము దారిద్ర్యమున పడెను. క్షయవ్యాధి ఆయన శరీరమును తినివేసెను. 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీన, నలుబది యేండ్లయినను నిండకయే ఆయన కన్నుమూసిరి. ఆయన జీవితమును తలచుకొనువారు ఈ భాగమును దాచిపెట్టరాదు. నిశ్చింతగా బ్రతికినవానికి కష్టములు రావని ఎవ్వరును చెప్పజాలరు. ఆయన రేపటికి కూడబెట్టలేదు, దేహమును సంరక్షించుకొనలేదు. దాని బరువు ఇంటివారిపై పడెను. చింత వేరు, జాగ్రత్త వేరు. చింతను విడుమనిన జాగ్రత్తను విడుమని యర్థము కాదు. దీపము వెలిగించువాడు గాలికి వెరువనక్కరలేదు. కాని చమురు చూచుకొనుట మరువరాదు. ఆయన తేజమునుండి మనము నేర్చుకొనవలసినది ఎంతయో, ఆయన బాధనుండియు నేర్చుకొనవలసినది అంతయే కలదు.

ఆయన చదివిన కూచినపూడియు, ఉద్యోగము చేసిన బాపట్లయు, పోరాడిన చీరాలయు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో నేడు ఒక్కచోట చేరియున్నవి. రేపల్లె నుండి బాపట్ల వరకు, ఇటు తెనాలి వరకు, ప్రతి వేసవిలోను పరీక్షా ఫలితములు వెలువడు దినమున ఎన్ని యిండ్లలోనో దీపము పెట్టువారుండరు. శిక్షణాలయమునకు క్రొత్తగా వెళ్లిన యువకుడు మొదటి వారములోనే తన చేత కాదని మూట గట్టుకొని ఇంటికి చేరును. అట్టి బిడ్డను మందలించుటకు ముందు తలిదండ్రులు గోపాలకృష్ణయ్యగారి కథను వానికి చెప్పవలెను. చెప్పి ఊరకుండక వాని చేతికొక పని నీయవలెను, వానితోకూడ కూర్చుండవలెను. వానిలో మనకు పనికిరానిదిగా తోచిన గుణమును మరల ఒకమారు పరికించి చూడవలెను.

కాయకమును పూజగా నెంచు కుటుంబములకు ఈ మార్గము క్రొత్తది కాదు. పూజలో కూర్చున్నవాడు ఫలము వచ్చునా రాదాయని మాటిమాటికి కన్ను తెరచి చూడడు. పనిలోనున్నవానికిని ఆ నిలుకడయే కావలెను. అది అలవడినవానికి గెలుపు వచ్చినను ఓటమి వచ్చినను మరునాటి ఉదయమున చేయవలసిన పని సిద్ధముగా నుండును.