బళ్ళారి రాఘవ: రెండు తీర్పుల నడుమ

కవి గతించినను గ్రంథము నిలుచును. శిల్పి గతించినను విగ్రహము నిలుచును. నటుని సృష్టి మాత్రము తెర దిగిన క్షణముననే అంతరించి, చూచినవారి స్మృతిలో కొంతకాలము జీవించును. ఆ చూచినవారును గతించిన పిమ్మట మిగులునవి స్తుతియు నిందయు మాత్రమే. ఈ రెండింటిలో దేనికి ఎంత విలువ యున్నదో తేల్చుట తరువాతి తరములవారి విధి. బళ్ళారి రాఘవాచార్యులవారి విషయమున ఈ విధి ఇంకను పూర్తిగా నెరవేరలేదని మా యభిప్రాయము.

ఆయన పేరు చెప్పగానే చేతులు జోడించువారు ఒక పక్షము. ఆంధ్ర నటులలో ఆయనకు సాటి లేడనియు, ఇతరులు వేషము వేసిరి గాని ఆయన పాత్రయే యయ్యెననియు వీరు చెప్పుదురు. ఆయనకు పద్యము పాడుట రాదనియు, గ్రంథకర్త వ్రాసిన మాటలను రంగముమీద యథేచ్ఛగా మార్చెడివారనియు, వెండితెరపై ఆయన ప్రతిష్ఠ నిలువలేదనియు చెప్పువారు రెండవ పక్షము. మొదటివారిది కేవలము భక్తి కాదు. రెండవవారిది కేవలము అసూయయు కాదు. కావున ఉభయుల వాదములను ఆయన జీవితముతో సరిచూడవలసియున్నది.

రాఘవగారు 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వారికి మేనమామ. రాఘవగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పుచ్చుకొని, న్యాయశాస్త్రము చదివి, బళ్ళారిలో వకీలు వృత్తి నవలంబించిరి. న్యాయస్థానమున గడించిన కీర్తి అల్పమైనది కాదు. ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసిరి. రావు బహదూరు బిరుదమును వహించిరి. పగలు న్యాయస్థానము, రాత్రి నాటకరంగము. ఈ రెండు జీవితములలో మొదటిది రెండవదానిని పోషించినదను సంగతి మున్ముందు మనకు మిక్కిలి ముఖ్యము కాగలదు.

ఆనాటి బళ్ళారి తెలుగు నాటకమునకు ఒక పుట్టినిల్లు. ధర్మవరమువారి సరసవినోదినీ సభ యొక వైపునను, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ వేరొక వైపునను ఉండి పోటీపడుచుండెను. 1887లో ప్రదర్శింపబడిన చిత్రనళీయము మొదలుకొని ధర్మవరమువారు తమ నాటకములకు పద్యములతోపాటు పాటలను, సంగీతమును చేర్చి జనులను ముగ్ధులను గావించిరి. శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకములలో సిద్ధహస్తులు. రాఘవగారు మేనమామ నీడలో పెరిగినను సుమనోరమ సభవారితో కలసి నటించి, విజయనగర పతనమునకు సంబంధించిన నాటకమున పఠాన్ రుస్తుం పాత్రచేత ఆంధ్రదేశమంతట ప్రఖ్యాతులైరి. హిందువగు నటుడు పఠాను వేషమున కనబడినప్పుడు సభ్యులు వేషమును మరచి పఠానునే చూచిరని నాటివారు చెప్పుకొనిరి.

ఇక మొదటి వివాదమునకు వత్తము. మేనమామ నాటకములోనికి తెచ్చిన సంగీతమును మేనల్లుడు నాటకమునుండి తగ్గింపబూనెను. ఇది చరిత్రలోని విచిత్రమేగాని ద్రోహము కాదు. ధర్మవరమువారు తెచ్చిన సంగీతము భావమునకు దాసియై యుండెను. తరువాతి కాలమున ఆ దాసియే యజమానురాలయ్యెను. పద్యమునకు నాలుగు పాదములే యుండును; రాగమునకు మాత్రము అంతములేదు. హార్మోనియము అలసిపోవలెనే గాని నటుడు అలసిపోరాదు. సభనుండి వన్స్ మోరు కేక వచ్చినచో, పుత్రశోకమున కుప్పగూలిన తల్లియు లేచి, గొంతు సవరించుకొని, అదే పద్యము మరల పాడి, మరల కూలవలెను. ఈ యాచారమును మన పెద్దలు దోషముగా నెంచలేదు. పద్యము వినుటకే బండ్లు కట్టుకొని క్రోసుల దూరము వచ్చినవారికి అది న్యాయమైన కోరిక.

రాఘవగారు ఈ కోరికను మన్నింపలేదు. పద్యమును భావమున కనుగుణముగా పలుకవలెననియు, దుఃఖించువాడు రాగాలాపనము చేయడనియు, మాటకును మాటకును నడుమనున్న మౌనమునందు కూడ నటన యుండవలెననియు వారి మతము. కన్ను, కనుబొమ, అడుగుల వడి, స్వరము హెచ్చుతగ్గులు, ఇవియే వారి సాధనములు. తెలుగున హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు మొదలగు పాత్రలను, ఆంగ్లమున షేక్స్పియరు నాయకులను వారు ధరించిరి. కన్నడ రంగమునందును వారికి సమానమైన గౌరవముండెను.

పద్యము రానివాడే పద్యమును నిందించునని ప్రతిపక్షులు ఎత్తిపొడిచిరి. రాఘవగారికి గాయకుని కంఠము లేదన్నది నిజము. అంతమాత్రమున వారి సిద్ధాంతము అసత్యమగునా? కుంటివాడు చెప్పినను దారి దారియే. అయితే భక్తులు దాచు మరియొక సత్యము కలదు. బందరు, తెనాలి, మైలవరము ప్రాంతముల సమాజములలో పద్యమును భావముతో పాడి రక్తికట్టించిన మహానటులును ఉండిరి. యడవల్లి సూర్యనారాయణగారి దుర్యోధనుని చూచినవారు అది నటన కాదని యందురా? పద్యనాటకము ఒక కళ; రాఘవగారు కోరినది వేరొక కళ. ఒకదాని కొలపాత్రతో వేరొకదానిని కొలుచుటయే ఈ వివాదమునకు మూలమని మేము తలంచుచున్నాము.

రంగముమీద మాటలు మార్చుట, పెంచుట యను రెండవ ఆక్షేపణ ఇంకను బరువైనది. నాటకము ఒక్కని సొత్తు కాదు. ఎదుట నిలిచిన నటుడు తన వంతు మాటకై వేచియుండును. ఆ మాటకు ముందు రావలసినది రాకపోయినచో వాడు తబ్బిబ్బగును. మహానటుని ప్రతిభ ఒక్కొక్కప్పుడు తోటివారిపాలిట వెల్లువయై వారిని ముంచివేయును. రాఘవగారి యెడల ఈ ఫిర్యాదు పలువురినుండి వినవచ్చినది. దానిని పూర్తిగా త్రోసిపుచ్చుటకు మాకు కారణము కనబడదు. ఆయన దోషములలో ఇదియే నిజమైన దోషము.

ఇచ్చట పాఠకులు సాధారణముగా గమనింపని యొక సంగతిని మనవి చేయవలసియున్నది. రాఘవగారు నాటకముచే జీవించినవారు కారు. ప్రదర్శనములలో వచ్చిన ధనమును ధర్మకార్యముల కిచ్చిరి. వారి పొయ్యి రగులుటకు వకీలు వృత్తి యుండెను. కాంట్రాక్టరు పిలిచిన యూరికి పోయి, నాటకమునకింత యని పుచ్చుకొని, ఆలుబిడ్డలను పోషించుకొను వృత్తినటునకు అట్టి స్వాతంత్ర్య మెక్కడిది? వన్స్ మోరు కేకను కాదన్నచో మరుసటి యూరి పిలుపు రాదు. కనుక రాఘవగారి ధైర్యమును మెచ్చుకొనునపుడు ఆ ధైర్యమునకు ఆధారమైన ఆస్తిని మరువరాదు. వృత్తినటులను నిందించునపుడు వారి పేదరికమును మరువరాదు. అయినను ఒక్కటి చెప్పవలెను. ఆస్తి కలిగిన వకీళ్ళు ఆనాడు అనేకులుండిరి. నటన కులీనులకు తగదను లోకాపవాదమును లెక్కింపక, ఆ స్వాతంత్ర్యమును కళకై వినియోగించినవారు అరుదు.

స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆయన పట్టుపట్టిరి. ఇదియు తగవునకు దారితీసినది. స్థానము నరసింహారావుగారి సత్యభామను చూచిన ఆంధ్రులకు ఈ పట్టుదల అనవసరముగా తోచుట సహజము. ఆ పురుషుని స్త్రీవేషమును స్వతంత్ర భారత ప్రభుత్వము 1956లో పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. మరియు స్త్రీలు తెలుగు రంగమెక్కుట రాఘవగారితో ప్రారంభము కాలేదు. కడప మండలమున వెలసిన సురభి నాటక కుటుంబములలో స్త్రీలు అంతకుముందే నటించుచుండిరి. రాఘవగారి విశేష మెట్టిదనిన, చదువుకొన్న గృహస్థుల ఇండ్లనుండి స్త్రీలను ఆహ్వానించి, వారికి శిక్షణ మిచ్చి, సమాన గౌరవముతో రంగమున నిలిపిరి. కొమ్మూరి పద్మావతీదేవిగారు వారితో నటించిన వారిలో ముఖ్యులు. 1930 ప్రాంతమున పి. వి. రాజమన్నారుగారి తప్పెవరిది నాటకమును రాఘవగారు ప్రదర్శించినపుడు, కిరీటములు లేని మనుష్యులు, మన యిండ్లలోని చిక్కులు తెలుగు రంగమున కనబడినవి. అట్టి నాటకమున భార్య పాత్రను మీసము గొరిగించుకొన్న పురుషుడు ధరించినచో ఏమి మిగులును? పౌరాణిక నాటకమున చెల్లినది సాంఘిక నాటకమున చెల్లదని వారు ముందుగా గ్రహించిరి.

1927లో గాంధీమహాత్ములు అస్వస్థులై నందిదుర్గమున విశ్రమించుచుండగా, రాఘవగారు వారి యెదుట దీనబంధు కబీరు నాటకమును హిందీలో ప్రదర్శించి మెప్పు పొందిరి. మరుసటి సంవత్సరము యూరపునకు పోయి అచ్చటి రంగస్థలములను చూచి, బెర్నార్డు షా మహాశయుని కలిసికొని వచ్చిరి. అప్పటికి వారి కీర్తి శిఖరము నందుకొనినది.

ఇక వెండితెర. రాఘవగారు నటించినవి మూడు చిత్రములు మాత్రమే. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణ కథను ఇద్దరు నిర్మాతలు ఒకేసారి చేపట్టిరి. ద్రౌపదీ మానసంరక్షణమున రాఘవగారు దుర్యోధనుడు. ద్రౌపదీ వస్త్రాపహరణమున యడవల్లివారు దుర్యోధనుడు. రంగస్థలమున తేలని వ్యాజ్యము తెరమీద విచారణకు వచ్చినట్లయ్యెను. జనులు పద్యమునకే డిక్రీ యిచ్చిరి. యడవల్లివారి చిత్రము జయించెను. రాఘవగారి చిత్రము పడిపోయెను. ప్రతిపక్షులు నేటికిని చూపు సాక్ష్యమిదియే.

ఈ సాక్ష్యమును పరీక్షింతము. ఆనాటి టాకీ యనగా నాటకమును కెమెరా ముందు నిలుపుటయే. నటుడు తన పాటను, తన పద్యమును తానే పాడవలెను. కంఠమున్నవాడే నాయకుడు. ఏబదియారేండ్ల వయస్సున, గాయకుడు కాని నటుని, పద్యముల కథలో దింపినచో ఫలితము వేరుగా నుండునా? ఒకరు పాడుట, వేరొకరు నటించుట యను పద్ధతి 1940 తరువాత క్రమముగా స్థిరపడెను. అది స్థిరపడిన పిమ్మట ఏమి జరిగినదో చూడుడు. మాటచేత, కంటిచూపుచేత, నడకచేత పాత్రను నిలుపు నటునకు తెరయే సింహాసనమయ్యెను. 1951 నాటి పాతాళభైరవిలో మాంత్రికుడుగను, 1957 నాటి మాయాబజారులో ఘటోత్కచుడుగను ఎస్. వి. రంగారావుగారు ప్రజల హృదయముల నేలినది పద్యగానముచేత కాదు. ఘటోత్కచుని భోజనపు పాట పాడిన కంఠము మాధవపెద్ది సత్యముగారిది. రాఘవగారు అరువదియారవ యేట, 1946 ఏప్రిల్ 16వ తేదీన మరణించిరి. వారు కోరిన నటనకు తెర అనువైనపుడు వారు లేరు.

మూడు చిత్రములలో మా పాఠకులు విశేషముగా తలంపవలసినది 1939 నాటి రైతుబిడ్డ. గూడవల్లి రామబ్రహ్మముగారు దర్శకులు. రాఘవగారు నర్సిరెడ్డి యను సన్నకారు రైతు. ఋణమున చిక్కియు, ఎన్నికలలో జమీందారు పక్షమునకు లొంగక, కష్టముల పాలగు పాత్ర యది. జమీందారీ రైతుల బాధలపై ప్రకాశముగారి సంఘము నివేదిక సమర్పించి అప్పటికి ఒక్క సంవత్సరమే యైనది. జమీందారీలు రద్దగుట 1948 శాసనముతో గాని జరుగలేదు. చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు చల్లపల్లి రాజావారే పెద్ద దిక్కగుట ఒక చిత్రము. కొందరు జమీందారులు మండిపడుట, కొన్ని ప్రాంతములలో ప్రదర్శనము నిషేధింపబడుట ఇంకొక చిత్రము. ప్రభుత్వ బిరుదమును వహించిన రాఘవగారు అట్టి చిత్రమున బీదరైతు వేషము ధరింప వెనుదీయలేదు. ఇందు రాగమునకు పని లేదు, కిరీటమునకు పని లేదు. చిన్ననాటినుండి ఆయన కోరిన పాత్ర ఇట్టిదే. మరుసటి సంవత్సరము చండికలో గిరిరాజు పాత్ర ధరించుటతో వారి చలనచిత్ర జీవితము ముగిసెను.

మా తీర్పు ఇది. రాఘవగారు గాయకులు కారు. తోటినటుల యెడల ఒక్కొక్కప్పుడు న్యాయముగా వర్తింపలేదు. తెరపై జయము పొందలేదు. ఈ మూడును ఒప్పుకొనవలెను. అయినను, నటన యనగా పాత్ర హృదయమును చూపుటయే గాని నటుని కంఠమును చూపుట కాదని తన కాలపు చప్పట్ల కెదురు నిలిచి చెప్పిన ఘనత వారిది. తరువాతి తెలుగు నాటకమును, చలనచిత్రమును ఆ త్రోవనే నడచినవి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరులో చేరినది. అచ్చటివారు తమ కళామందిరమునకు రాఘవగారి పేరే పెట్టుకొనిరి. వారి నిర్యాణదినమగు ఏప్రిల్ 16 వీరేశలింగముగారి జన్మదినము కూడ. ఆ దినమును తెలుగు నాటకరంగ దినోత్సవముగా పాటించుచున్నారు. ఆనాడు పటములకు పూలమాలలు వేసినంతమాత్రమున ఋణము తీరదు. ఊరూరను మూతపడిన నాటకశాలల తలుపులు తెరిపించి, పద్యము పాడువారికిని, పాడక నటించువారికిని సమానముగా చోటు కల్పించినచో, ఆ రెండు పక్షములకును న్యాయము జరుగును.