షెడ్డులో నలభై ఏళ్లు: బర్ట్ మన్రో కథ

మన కాలేజీలో మెకానికల్ వాళ్లు నలుగురు ఒక చోట చేరితే వచ్చే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఓ పాత టర్బో డీజిల్ కారు ఉంది, జేబులో డబ్బు లేదు, క్వార్టర్ మైల్ టైమ్ ఎలా తగ్గించాలి? ఒకడు రీమ్యాప్ అంటాడు. ఇంకొకడు ముందు ఇంటర్‌కూలర్ మార్చమంటాడు. టైర్లు మంచివి వేసి, వెనక సీటు పీకేస్తే చాలని మూడోవాడు తేలుస్తాడు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. నాకు మాత్రం ఈ చర్చ విన్నప్పుడల్లా టర్బో ముఖమే చూడని ఇంజన్‌తో ఈ ప్రశ్నకు నలభై ఏళ్లు జవాబు వెతికిన ఒక ముసలాయన గుర్తొస్తాడు. ఆయన పేరు బర్ట్ మన్రో. ఊరు ఇన్వర్‌కార్గిల్. మ్యాప్‌లో న్యూజీలాండ్ దక్షిణ ద్వీపం చూసుకుని ఇంకా కిందికి, దాదాపు చివరిదాకా రండి, అక్కడుంటుంది.

ఆయన మీద 2005లో ఓ సినిమా వచ్చింది, ఆంథొనీ హాప్కిన్స్ వేశాడు. పేరులో ఇండియన్ అని ఉంటే మనవాడెవడో అనుకుని చూడ్డం మొదలుపెట్టినవాళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు. ఇండియన్ అనేది బండి పేరు. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ కంపెనీ ఉండేది. సినిమా బాగుంటుంది, కానీ సినిమా కదా, నలభై ఏళ్లను రెండు గంటల్లో కుదించాలంటే బోలెడు వదిలేయాలి. అందులో వదిలేసిందే నాకు ఎక్కువ ఆసక్తి.

1899 మార్చి 25న పుట్టాడు. అసలు పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. ఆయనతో పాటు పుట్టిన కవల చెల్లెలు పుట్టగానే పోయింది. ఎడెన్‌డేల్ అనే పల్లెలో నాన్న పొలం మీద పెరిగాడు. వయసొచ్చాక కొన్నాళ్లు ఒటీరా సొరంగం తవ్వకంలో పనిచేశాడు, మళ్లీ పొలానికే వచ్చాడు. తర్వాత మోటార్ సైకిళ్లు అమ్మడం, రిపేర్లు చేయడం. పేరు గురించి ఓ చిన్న సంగతి: 1957 దాకా ఆయన పేరు స్పెల్లింగ్ వేరు. అమెరికా పత్రికవాళ్లు తప్పు స్పెల్లింగ్ వేస్తే, అదే బాగుందని దాన్నే ఉంచేసుకున్నాడు!

1920లో ఇండియన్ స్కౌట్ కొన్నాడు. ఆ మోడల్ అప్పుడే మార్కెట్లోకి వచ్చింది. 600 సీసీ, వి-ట్విన్, సైడ్ వాల్వ్ ఇంజన్, చేత్తో వేసే మూడు గేర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే 89 కిలోమీటర్లు. ఇవాళ మన ఊళ్లో పాల క్యాన్లు మోసే బైకు కూడా అంత పోతుంది. 1926 ప్రాంతంలో దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ఆ విప్పడం ఆయన ముసలితనం దాకా ఆగలేదు.

కొత్త పార్టు కొనే స్తోమత లేదు. ఉన్నా ఆ పాత బండికి రేసింగ్ పార్టులు చేసి అమ్మేవాడెవడూ లేడు. అందుకని తనే చేసుకున్నాడు. పాత డబ్బాలను మూసలుగా వాడి పార్టులు పోత పోశాడు. సిలిండర్ బ్యారెళ్లకు పాత గ్యాసు పైపుల పోత ఇనుము వాడాడు. కనెక్టింగ్ రాడ్లను ట్రాక్టర్ యాక్సిల్ ఉక్కులోంచి చేత్తో చెక్కాడు. కొలవడానికి మైక్రోమీటర్ బదులు చక్రం పాత ఊచ ఒకటి వాడేవాడట. సెకండియర్ ఫౌండ్రీ ల్యాబ్‌లో మనం ఇసుక దంచి, ప్యాటర్న్ తీసి, అల్యూమినియం పోసి, బయటికొచ్చిన ముక్కలో గాలి బుడగల చిల్లులు చూసి రికార్డులో ఏదో రాసి సంతకం పెట్టించుకుంటాం. అలాంటి ముక్క నిమిషానికి వేల సార్లు పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్ అయితే? ఆ ఒక్క బుడగ చాలు, ఇంజన్ మొత్తం తుక్కే. ఆయన షెడ్డులో అలా తుక్కైనవి లెక్కలేనన్ని. పగిలినవీ కరిగినవీ పారేయకుండా ఓ అలమరలో వరసగా పేర్చి, వేగదేవుడికి సమర్పణలు అని అర్థం వచ్చేలా పైన రాసుకున్నాడు. ఆ అలమరే ఆయన లైబ్రరీ అని నా అభిప్రాయం. ప్రతి ముక్కా, తర్వాతి ముక్క ఎక్కడ మందంగా ఉండాలో చెబుతుంది.

ఇంజన్‌లో ఆయన చేసిన పెద్ద మార్పు వాల్వుల స్థలం. సైడ్ వాల్వ్ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. లోపలికొచ్చే గాలీ పెట్రోలూ మెలిక తిరిగి రావాలి, దహన గది పక్కకు పరుచుకుని ఉంటుంది, కంప్రెషన్ పెంచుదామంటే దారి మూసుకుపోతుంది. అంటే ఆ ఇంజన్‌కు ఊపిరితిత్తులు చిన్నవన్నమాట. టర్బో ఉన్నవాడు ఈ సమస్యను గాలిని బలవంతంగా తోసి దాటేస్తాడు. మన్రోకు ఆ దారి లేదు. అందుకని వాల్వులను పిస్టన్ తల మీదికి తెచ్చాడు. పుష్‌రాడ్లతో నడిచే ఓవర్‌హెడ్ వాల్వులు, వాటికి నాలుగు క్యాములు, అన్నీ సొంత తయారీ. నాలుగు వాల్వులకు నాలుగు క్యాములు ఉంటే లాభం ఏమిటంటే, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో ఎంతసేపు తెరిచి ఉంచాలో విడివిడిగా సవరించుకోవచ్చు. రీమ్యాప్ చేయడానికి మనకు ల్యాప్‌టాప్ ఉంది, ఆయనకు ఆకురాయి ఉంది. అంతే తేడా.

పాత టర్బో కార్లతో కుస్తీ పట్టేవాళ్లందరికీ తెలిసిన ఓ గొలుసు ఉంటుంది. బూస్ట్ పెంచితే క్లచ్ జారుతుంది. క్లచ్ మారిస్తే గేర్‌బాక్స్ అరుస్తుంది. అదీ తట్టుకుంటే టైరు అక్కడే తిరుగుతుంది. బలం పెరిగిన ప్రతిసారీ బలహీనమైన చోటు ఒక అడుగు ముందుకు జరుగుతుంది. స్కౌట్‌లోనూ ఇదే జరిగింది. ఇంజన్ ఊపిరి పెరిగేసరికి ఆర్‌పీఎం పెరిగింది. ఆర్‌పీఎం రెట్టింపైతే కనెక్టింగ్ రాడ్డు మీద జడత్వ భారం నాలుగు రెట్లవుతుంది. అందుకే ట్రాక్టర్ ఉక్కు. తర్వాత ఫ్లైవీల్స్ కొత్తవి. తర్వాత ఆయిల్ సరఫరా ఏర్పాటు మొత్తం మార్పు. ఆ పైన 17 ప్లేట్ల క్లచ్, మూడు వరసల చైను డ్రైవు. తక్కువ ఖర్చు అప్‌గ్రేడ్ ఏదీ ఒంటరిగా రాదు, వెనక ఇంకో నాలుగింటిని వెంటేసుకుని వస్తుంది.

ఫలితం మెల్లగా కనబడింది. 1940లో న్యూజీలాండ్ ఓపెన్ రోడ్ రికార్డు 120.8 మైళ్లు, అంటే 194 కిలోమీటర్లు. పన్నెండేళ్లు దాన్ని ఎవరూ కదపలేదు. 1957లో బీచ్ రికార్డు 131.38 మైళ్లు. ఇన్వర్‌కార్గిల్ పక్కన ఓరేటి బీచ్ ఉంది, అలలు వెనక్కి పోయాక గట్టిపడే ఇసుకే ఆయన టెస్ట్ ట్రాక్.

ఇక ఖర్చు సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయాలనుకున్నదే అందుకు. బర్ట్ మన్రో కథ చెప్పేవాళ్లు ఆయన డబ్బు లేకుండా సాధించాడని చెప్పి చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. డబ్బు లేనివాడు వేరే నోట్లతో కడతాడు. 1927లో ఫ్లోరెన్స్ బెరిల్ మార్టిన్‌ను పెళ్లి చేసుకున్నాడు, నలుగురు పిల్లలు. పగలు బండ్ల అమ్మకం, రాత్రి స్కౌట్. కొన్నిసార్లు తెల్లవారేదాకా పని చేసి, అట్నుంచి అటే ఉద్యోగానికి పోయేవాడు. 1947లో విడాకులయ్యాయి. 1940ల చివర్లో ఉద్యోగమూ మానేశాడు. ఆ తర్వాత కాపురం బండ్లున్న ఆ షెడ్డులోనే. పక్కనే మంచం, ఇటు లేతు, అటు స్కౌట్, ఇంకోపక్క ఆయన ఇలాగే చెక్కుకున్న వెలోసెట్. దీన్ని త్యాగం అనడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఆ రాత్రుల్లో కొన్ని ఆయన ఒక్కడివే కావు. ఆ ఇంట్లో పిల్లలవీ, ఆమెవీ. అలాగని తప్పు అని తేల్చేంత పెద్దవాణ్ణీ కాదు. బిల్లు మాత్రం బిల్లే, దాన్ని లెక్కలో చూపించాలి.

అరవై దాటాక, గుండెనొప్పి పెట్టుకుని, ఆ బండిని ఓడలో అమెరికాకు పట్టుకెళ్లాడు. యూటా రాష్ట్రంలో బోనవిల్ ఉప్పు మైదానం ఉంది. కనుచూపు మేర తెల్లటి ఉప్పు, చదును. డ్రాగ్ స్ట్రిప్ మీద నిలబడ్డ చోటునుంచి 402 మీటర్లు ఎంత సేపట్లో దాటావన్నది లెక్క, అక్కడ బరువూ టైరు పట్టూ ముఖ్యం. ఉప్పు మీద లెక్క వేరు. మైళ్ల దూరం నుంచి వేగం పుంజుకుని వచ్చి, కొలిచిన మైలును దాటాలి. మళ్లీ వెనక్కి ఎదురు దిశలో దాటాలి. రెండింటి సగటే రికార్డు. గాలివాటు సాయం చేసిందనే మాట రాకుండా ఈ ఏర్పాటు.

ఇక్కడ శత్రువు గాలి. గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 89 నుంచి 296కు వెళ్లాలంటే వేగం 3.3 రెట్లు, పవర్ దాదాపు 37 రెట్లు! ఇంజన్ సైజు పెరిగింది మాత్రం 600 నుంచి 950 సీసీకి, రెండు రెట్లు కూడా కాదు. మిగిలింది ఎక్కడినుంచి రావాలి? కొంత కంప్రెషన్, కొంత ఆర్‌పీఎం. అవి చాలవు కాబట్టి గాలినే తప్పించుకోవాలి. అల్యూమినియం రేకును ఏళ్ల తరబడి సుత్తితో కొట్టి చేప ఆకారంలో ఓ తొడుగు చేశాడు, తర్వాత ఫైబర్ గ్లాసుతో ఇంకోటి. దాంట్లో బోర్లా పడుకుని నడపాలి. పైగా ఆ మైదానం సముద్ర మట్టానికి దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన, కాబట్టి నిరోధం తక్కువ. అయితే ఇంజన్‌కు అందే ఆక్సిజన్ కూడా అంతే తక్కువ. టర్బో ఉన్నవాడు ఆ లోటు పూడ్చుకుని రెండు వైపులా లాభపడతాడు. మన్రోకు ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

తొడుగుతో కొత్త చిక్కు వచ్చింది. బాణానికి ఈకలు వెనక ఉంటాయి కాబట్టి తిన్నగా పోతుంది. గాలి తోపు పనిచేసే బిందువు బరువు కేంద్రానికి ముందుంటే బండి పక్కకు తిరగాలనే చూస్తుంది. ఒక పరుగులో అంత వేగంలోనూ బండి ఊగడం మొదలైంది. వేగం తగ్గుతుందేమోనని ఆయన తొడుగులోంచి పైకి లేచాడు. గాలి కళ్లద్దాలు పీకేసింది. ఏమీ కనబడదు. చివరికి బండిని పక్కకు పడేసి ఉప్పు మీద జారుతూ ఆగాడు. మళ్లీ వచ్చే ఏడాది బండి సర్దుకుని వచ్చేశాడు.

1962లో 883 సీసీ తరగతిలో గంటకు 288 కిలోమీటర్లు. 1966లో 1000 సీసీ తరగతిలో ఇంకో రికార్డు. 1967లో మనిషి వయసు 68, బండి వయసు 47. అర్హత కోసం చేసిన ఒకవైపు పరుగులో 190.07 మైళ్లు, దాదాపు 306 కిలోమీటర్లు తాకాడు. రెండు వైపుల సగటు రికార్డు 183.586 మైళ్లుగా నమోదైంది. ఇండియన్ కంపెనీ అప్పటికే, 1953లోనే, ఉత్పత్తి ఆపేసింది. చేసినవాళ్లు మూసుకుపోయాక కూడా ఆ బండి ఇంకా వేగం పెంచుకుంటూనే ఉంది.

1970ల్లో ఒళ్లు సహకరించడం మానేసింది. పక్షవాతం వచ్చాక చేతులూ కాళ్లూ మునుపటిలా మాట వినలేదు. తన బండ్లు ఆ ప్రాంతం దాటిపోకూడదని రెండింటినీ ఇన్వర్‌కార్గిల్లోనే నార్మన్ హేస్ అనే వ్యాపారికి అమ్మేశాడు. 1978 జనవరి 6న పోయాడు. ఆ ఊళ్లో హేస్ వాళ్ల హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్తే బోల్టులు, రంగు డబ్బాల మధ్య ఆ స్కౌట్ కనబడుతుంది. మ్యూజియం కన్నా ఆ చోటే దానికి సరైందనిపిస్తుంది నాకు.

ఇంకొక్క సంగతి ఉంది. 1967 రికార్డులో రెండు పరుగుల సగటు తీసేటప్పుడు లెక్క తప్పారు. నలభై ఏళ్లు దాటినా ఎవరూ గమనించలేదు. గమనించింది ఆయన కొడుకు జాన్, తండ్రి రాత్రులన్నీ స్కౌట్‌తో గడిపిన ఇంట్లో పెరిగిన పిల్లల్లో ఒకడు. పాత అంకెలు తిరగేసి తప్పు పట్టుకున్నాడు. 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ రికార్డు సవరించింది. ఇప్పుడది 184.087 మైళ్లు. తండ్రి పోయిన 36 ఏళ్లకు, గంటకు అర మైలు ఎక్కువ.