డాక్టరు ద్వారకానాథ కోట్నీసు

పరదేశీయుల సేవలో ప్రాణములర్పించిన యీ వైద్యోత్తముని చరిత్రమును సంఘీయులకును పోషకమహాశయులకును విన్నవించుచున్నాము. వీరు 1910వ సంవత్సరమున షోలాపురమున జనించిరి. జపానుతో పోరుచుండిన చీనాకు 1938లో కాంగ్రెసు పంపిన యైదుగురు వైద్యులలో వీరొకరు. అచ్చటి భాష నభ్యసించి, కొండపల్లెలలో సైనికులతోపాటు కొఱ్ఱన్నము తినుచు క్షతగాత్రులకు చికిత్స చేసిరి. 1940లో నొక పోరాటమున 72 గంటలు నిద్ర మాని శస్త్రచికిత్సలు సాగించిరి. 1941లో బెథూను వైద్యశాల కధ్యక్షులై, క్వో చింగ్లానను నర్సును వివాహమాడిరి. మూర్ఛరోగము బాధించుచున్నను పని మానరైరి. 1942 డిసెంబరు 9వ తేదీన, కుమారునకు నాలుగు మాసములైన నిండకమున్నే, 32 ఏండ్లకు దివంగతులైరి. వైద్యవిద్య నభ్యసించు మన యువజనులు, రోగి యెవ్వడని యడుగని యీ ధర్మమును గ్రహింతురుగాక.