రాముణ్ణి తిట్టిన రామదాసు

భక్తుడికి కోపం రాకూడదా? రామదాసు గారి కథ వింటే నాకలా అనిపించదు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి. తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించారని గోల్కొండలో ఖైదు చేశారు. 12 ఏళ్లు అంటారు.

అక్కడ ఆయన రాముణ్ణే నిలదీశారు. సీతమ్మ నగల ఖర్చు లెక్కచెప్పి మరీ దెప్పారు. తర్వాత, దెబ్బలకి తాళలేకే తిట్టానని చెప్పుకుని మన్నించమన్నారు. రెండూ ఒకే కీర్తనలో!

నాకు నచ్చేది ఇదే. తిట్టేశాను, ఇక నేను భక్తుణ్ణే కాదు అని ఆయన పాట ఆపేయలేదు. తన నొప్పిని తానే అర్థం చేసుకున్నారు.

అమ్మ మీద అరిచేశారా? రోజంతా మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఎందుకు అరిచారో రాముడికి చెప్పుకోండి, అమ్మకి సారీ చెప్పండి. జై శ్రీరామ్!